పంచాయతీ కరెంటు బిల్లు తగ్గించి సోలార్‌కు మారడం ఎలా?

"మా ఊళ్లో సోలార్ పెట్టించాలనుకుంటున్నాం. ఎంతవుతుంది? ఎక్కడ అప్లై చేయాలి?" సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేది ఒకటే: పంచాయతీ పేరిట ఎన్ని కరెంటు మీటర్లున్నాయి, వాటిలో ఎన్ని తిరుగుతున్నాయి? దీనికి వెంటనే జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. అందుకే మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామ పంచాయతీల కోసం రాసినా, చిన్న మున్సిపాలిటీలకూ చాలావరకు పనికొస్తుంది.

ఇందులో వరుస చాలా ముఖ్యం. ముందు దుబారా ఆపాలి, తర్వాత దీపాలూ మోటార్లూ బాగుచేయాలి, ఆ తర్వాతే సోలార్. వరుస తప్పితే, పగలు వెలిగే దీపాలకు కూడా సరిపోయేన్ని ప్యానెళ్లు కొనాల్సి వస్తుంది.

సిద్ధాంతం ఈ మాత్రం చాలు: మన గ్రిడ్‌లోకి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి తయారవుతోంది. ఒక యూనిట్ వాడితే సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. కాబట్టి మీరు మిగిల్చిన యూనిట్లను 0.7తో గుణిస్తే, మీ ఊరు ఎన్ని కిలోల కాలుష్యం తగ్గించిందో తెలిసిపోతుంది. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పంచాయతీ పేరిట ఉన్న అన్ని సర్వీసుల (కరెంటు కనెక్షన్ల) 12 నెలల బిల్లులు. దొరకకపోతే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఏఈని అడిగి లెడ్జర్ ప్రింటు తీసుకోండి.
- ఒక రిజిస్టరు, ఫొటోలు తీయడానికి ఫోను.
- మీ ఊరి లైన్‌మన్. ఆంధ్రలో అయితే సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్.
- రోజూ నీళ్లు వదిలే వాటర్‌మన్. ఈయన్ని మర్చిపోవద్దు. ఏ మోటారు ఎన్ని గంటలు తిరుగుతుందో ఈయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.
- పని మొదలుపెట్టేముందు గ్రామసభ తీర్మానం. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈ పని లేకపోతే తర్వాత బిల్లు పాస్ కాక టెన్షన్ పడతారు.

1. సర్వీసు నంబర్లన్నీ ఒక కాగితం మీదికి తీసుకురండి

ప్రతి సర్వీసుకూ ఒక వరుస గీయండి. సర్వీసు నంబరు, ఎక్కడుంది, ఏ కేటగిరీ, కాంట్రాక్టు లోడు (డిస్కంతో రాయించుకున్న కిలోవాట్లు) ఎంత, నెలకు ఎన్ని యూనిట్లు, బకాయి ఎంత. తెలంగాణలో వీధి దీపాలు ఎల్‌టీ-6ఏ, తాగునీటి పథకాలు ఎల్‌టీ-6బీ కిందికి వస్తాయి. పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ, బడి వేరే కేటగిరీలు. బిల్లు మీద కేటగిరీ తప్పు పడితే యూనిట్ ధరే మారిపోతుంది, జాగ్రత్తగా చూడండి.

ఇప్పుడు ఒక్కో బిల్లులో మీటరు స్టేటస్ చూడండి. 'స్టకప్' అనో 'బర్న్‌ట్' అనో ఉంటే ఆ మీటరు పని చేయడం లేదని, మీకు సగటు బిల్లు వస్తోందని అర్థం. అలాంటి సర్వీసులో మీరు వంద దీపాలు మార్చినా బిల్లు రూపాయి తగ్గదు. మొదట మీటరు మార్పించుకోండి. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి.

ఎప్పుడో ఎండిపోయిన బోరుకు, కూల్చేసిన భవనానికి కూడా ఏళ్ల తరబడి ఫిక్స్‌డ్ చార్జీలు పడుతూ ఉంటాయి. వాటిని గుర్తించి సర్వీసు రద్దు చేయించండి. ఈ ఒక్క పనికి పైసా పెట్టుబడి లేదు.

2. పగలొకసారి, రాత్రొకసారి ఊరంతా తిరగండి

పగలు పదకొండు గంటలకు తిరగండి. ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయో రాసుకోండి. రాత్రి తొమ్మిదికి తిరిగి, ఎన్ని వెలగడం లేదో రాసుకోండి. ప్రతి స్తంభానికీ పెయింటుతో నంబరు వేయించండి. నంబరు ఉంటేనే "పోచమ్మ గుడి దగ్గర లైటు రావట్లేదు" అనే ఫిర్యాదు "37వ స్తంభం" అవుతుంది, ఏ దీపం ఎన్నిసార్లు పాడైందో లెక్క తేలుతుంది.

పగటి దీపాల విషయం చిన్నదిగా తీసిపారేయకండి. 20 వాట్ల దీపాలు 100 ఉన్న ఊళ్లో అవి పగలు కూడా 12 గంటలు వెలిగితే రోజుకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు వృథా. దీన్ని సోలార్‌తో పూడ్చాలంటే 6 కిలోవాట్ల ప్లాంటు కావాలి!

పగలు ఎందుకు వెలుగుతాయంటే, చాలా ఊళ్లలో వీధి దీపాలకు విడిగా థర్డ్ వైర్ లాగి ఉండదు. ఇళ్లకు వెళ్లే ఫేజు నుంచే దీపానికి కొండీ తగిలిస్తారు. ఇక ఆపేందుకు స్విచ్చి ఎక్కడుంటుంది? తెలంగాణలో పల్లె ప్రగతి కింద కొంతమేర థర్డ్ వైర్ వేశారు గానీ, ఆ తర్వాత పుట్టుకొచ్చిన కొత్త కాలనీల్లో మళ్లీ అదే పరిస్థితి. థర్డ్ వైర్ లేని వీధుల జాబితా చేసి డిస్కంకు ఇవ్వండి. ఉన్న వీధులకు టైమర్ స్విచ్చి పెట్టించండి. కాలాన్ని బట్టి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను తనే సరిచేసుకునే టైమర్లు దొరుకుతాయి, అవే తీసుకోండి. లేకపోతే వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఎవరో ఒకరు టైము మార్చాలి, మార్చరు.

హెచ్చరిక: దీపం మార్చడానికి పంచాయతీ కార్మికుణ్ణి గానీ, ప్రైవేటు ఎలక్ట్రీషియన్‌ను గానీ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కించకండి. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి "లైన్ ఆపేశారా?" అని అడిగి ఎక్కడం ఎల్‌సీ కాదు. డిస్కం సిబ్బంది అక్కడ ఉండాలి, ఎల్‌సీ వారి పేరిట ఉండాలి. స్తంభాల మీద ప్రాణాలు పోగొట్టుకున్న పంచాయతీ కార్మికుల కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఏ పొదుపూ దానికంటే పెద్దది కాదు.

3. దీపాలు మార్చండి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను చిన్నాభిన్నం చేశాక, నగరంలో వీధి దీపాలను పెద్ద ఎత్తున ఎల్‌ఈడీకి మార్చారు. మరుసటి ఏడాది జనవరిలో దేశవ్యాప్తంగా వీధి దీపాల పథకమూ మొదలైంది. అప్పటినుంచి చాలా పంచాయతీల్లో ఎల్‌ఈడీలు వచ్చాయి. కాబట్టి మీ ప్రశ్న "ఎల్‌ఈడీ పెట్టాలా?" అన్నది కాకపోవచ్చు. "పెట్టినవి ఎన్ని మిగిలాయి, పాడైన చోట ఏం తగిలించారు?" అన్నది కావచ్చు. ఎల్‌ఈడీ పోయిన చోట పాత ట్యూబులైటో, పెద్ద సోడియం దీపమో మళ్లీ వచ్చి చేరిందేమో చూడండి.

లెక్క ఇలా వేయండి. చోక్‌తో కలిపి పాత ట్యూబులైటు సుమారు 55 వాట్లు తీసుకుంటుంది. 200 దీపాలు రాత్రికి 11 గంటలు వెలిగితే 121 యూనిట్లు. వాటి స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 44 యూనిట్లు. నెలకు 2,310 యూనిట్లు మిగులు. యూనిట్ 7 రూపాయలనుకుంటే నెలకు 16 వేల పైమాట. కాలుష్యం ఒకటిన్నర టన్నులకు పైగా తగ్గుతుంది.

కొనేటప్పుడు చేసే పెద్ద పొరపాటు ధర మాత్రమే చూడడం. పల్లెలో వోల్టేజి ఒక్కోసారి పడిపోతుంది, ఒక్కోసారి ఎగిరిపోతుంది. పిడుగు పడితే చెప్పనక్కర్లేదు. చవక దీపం రెండు వానాకాలాలు తట్టుకోదు. టెండరులోనో, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లోనో ఇవి తప్పక రాయించండి: బీఐఎస్ గుర్తు, నీళ్లూ దుమ్మూ చొరబడని ఐపీ 66 బాడీ, 10 కేవీ సర్జ్ రక్షణ (వోల్టేజి ఒక్కసారిగా ఎగిరినా కాలిపోకుండా), ఎక్కువ తక్కువ వోల్టేజిలు తట్టుకునే డ్రైవరు, ఐదేళ్ల వారంటీ. వారంటీలో "పాడైన దీపం ఇన్ని రోజుల్లో మార్చాలి, లేకపోతే రోజుకు ఇంత కోత" అన్న వాక్యం లేకపోతే ఆ వారంటీకి విలువ లేదు.

బ్యాటరీతో వచ్చే సోలార్ వీధి దీపాల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: కరెంటు లైను ఉన్న వీధిలో అవి వద్దు. ఊరి బయట డబ్బా తలుపు తెరుచుకుని, లోపల బ్యాటరీ లేకుండా, పైన ప్యానెల్ మాత్రం మిగిలిన స్తంభాలు మీరూ చూసే ఉంటారు. బ్యాటరీలు దొంగల పాలవుతాయి, లేదా కొన్నేళ్లకు చచ్చిపోతాయి, కొత్తవి కొనడానికి పద్దు ఉండదు. లైను వెళ్లని తండాకు, శ్మశానవాటిక దారికి, చెరువు కట్టకు మాత్రం అవే మేలు.

4. నీళ్ల మోటార్ల సంగతి చూడండి

బిల్లులో పెద్ద వాటా తరచుగా ఇక్కడే ఉంటుంది, అయినా ఎవరూ దీని జోలికి రారు.

5 హెచ్‌పీ మోటారు గంటకు నాలుగు నుంచి ఐదు యూనిట్లు తింటుంది. రోజుకు ఆరు గంటలు తిరిగితే నెలకు సుమారు 800 యూనిట్లు. మొదట ఈ చిన్న పరీక్ష చేయండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు మీటరు రీడింగు ఫొటో తీయండి. మోటారు వేసి, నిండగానే ఆపి మళ్లీ ఫొటో తీయండి. ఎన్ని యూనిట్లు, ఎంతసేపు పట్టిందో రిజిస్టరులో రాయండి. 40 వేల లీటర్ల ట్యాంకుకు 14 యూనిట్లు అయ్యాయనుకోండి, అదే మీ ఊరి ప్రమాణం. మూడు నెలలకోసారి ఇదే పరీక్ష చేస్తే, 14 కాస్తా 20 అయిన రోజున మోటారులోనో పైపులోనో బోరులోనో తేడా వచ్చిందని తెలిసిపోతుంది. వేసవిలో నీటి మట్టం దిగిపోయి కొంత పెరగడం మామూలే, అందుకని వేసవిని వేసవితోనే పోల్చండి.

ట్యాంకు నిండి పొర్లిపోవడం ఇంకో దుబారా. ట్యాంకు కింద ఎప్పుడూ పచ్చగడ్డి మొలిచి, గేదెలు మేస్తున్నాయంటే ఇక సాక్ష్యం అక్కర్లేదు. ఫ్లోట్ స్విచ్చి పెట్టించండి. తెలంగాణలో ఇంకోటి కూడా చూడండి: మిషన్ భగీరథ నీళ్లు ట్యాంకుకు వస్తున్నా, పాత అలవాటు కొద్దీ బోరు మోటార్లు కూడా వేస్తున్నారా? వాటర్‌మన్‌ను కోప్పడకుండా కూర్చోబెట్టి అడగండి. భగీరథ నీళ్లు ఏ వీధికి అందడం లేదో ఆయనే చెప్తాడు. బోరు వేయడానికి కారణం అదే కావచ్చు.

రెండు మూడుసార్లు రీవైండింగ్ చేసిన మోటారు నీళ్లు తక్కువ ఎత్తిపోస్తూ కరెంటు ఎక్కువ తాగుతుంది. మళ్లీ కాలిపోయినప్పుడు రీవైండింగ్‌కు పంపకుండా 5 స్టార్ పంపుసెట్టు కొనండి. హెచ్‌పీ పెంచితే నీళ్లు ఎక్కువ వస్తాయని కొందరు పెద్ద మోటారు దింపుతారు. బోరులో ఊట లేనిది మోటారు ఏం చేస్తుంది? పైగా కాంట్రాక్టు లోడు పెరిగి ఫిక్స్‌డ్ చార్జీలూ పెరుగుతాయి.

5. ఇప్పుడు సోలార్

మన రాష్ట్రాల ఎండకు 1 కిలోవాట్ ప్లాంటు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అందుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి.

అందరూ మొదట పంచాయతీ ఆఫీసు డాబా వైపు చూస్తారు. కానీ ఆఫీసులో నాలుగు ఫ్యాన్లు, ఒక కంప్యూటరు తప్ప ఏముంటుంది? అక్కడ 5 కిలోవాట్లు పెడితే నెలకు 600 యూనిట్లు వస్తాయి, వాడేది అందులో కొంతే. మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, దానికి డిస్కం కట్టే ధర మీరు కొనే ధరకంటే తక్కువ. అదే 5 కిలోవాట్లు నీళ్ల మోటారు సర్వీసు మీద పెడితే దాదాపు మొత్తం అక్కడే ఖర్చవుతుంది. కాబట్టి మొదటి ప్లాంటుకు పంపుహౌసునే చూడండి. ట్యాంకు నీడ పడకుండా దానికి దక్షిణం వైపు స్థలం తీసుకోండి. చలికాలంలో నీడ ఉత్తరానికి పొడుగ్గా సాగుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఆఫీసు మీద తయారైన కరెంటు వీధి దీపాల బిల్లులో దానంతటదే తగ్గదు. నెట్ మీటరు (గ్రిడ్ నుంచి వచ్చిందీ, గ్రిడ్‌కు వెళ్లిందీ రెండూ లెక్కించే మీటరు) ఏ సర్వీసుకు ఉంటే ఆ బిల్లే తగ్గుతుంది. వేర్వేరు సర్వీసులకు సర్దుబాటు చేసే గ్రూప్ నెట్ మీటరింగ్ మీ కేటగిరీకి వర్తిస్తుందేమో డిస్కం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు నోటిమాట నమ్మకండి.

వరుసగా చేయాల్సినవి: డిస్కంకు నెట్ మీటరింగ్ దరఖాస్తు, అనుమతి, ప్లాంటు బిగింపు, నెట్ మీటరు పరీక్ష, సింక్రనైజేషన్ (ప్లాంటును గ్రిడ్‌కు కలపడం). నెట్ మీటరు పెట్టకముందే ప్లాంటు ఆన్ చేయొద్దు. కొన్ని మామూలు మీటర్లు బయటికి వెళ్లే కరెంటును కూడా మీరు వాడినట్టే లెక్కేస్తాయి. సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందని గొడవపడేవాళ్లలో కొందరికి జరిగింది ఇదే.

ముందే ఊరికి చెప్పాల్సిన మాట ఒకటుంది. గ్రిడ్‌కు కలిపిన సోలార్, లైన్‌లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా తయారుచేశారు. "సోలార్ పెట్టారు కదా, కరెంటు పోతే నీళ్లెందుకు రావు?" అని తర్వాత నిలదీస్తారు.

ఇక కోతులు. ప్యానెళ్ల మీద గెంతి, వేలాడే వైర్లు పీకేస్తాయి. వైర్లన్నీ పైపులో పోనివ్వండి, చుట్టూ మెష్ వేయించండి. ఆ ఖర్చు అంచనాలోనే పెట్టండి. ప్యానెళ్లు కడిగేది తెల్లవారుజామునే, ఎండ ఎక్కాక కాదు. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు. మీ బోరు చవుడు నీళ్లయితే తెల్లటి పొర కట్టి ఉత్పత్తి తగ్గుతుంది. మెత్తటి గుడ్డతో వెంటనే తుడవాలి. కోతల కాలంలో హార్వెస్టర్ దుమ్ము, పక్కన రైస్‌మిల్లు ఉంటే ఊక దుమ్ము పేరుకుంటాయి, అప్పుడు కడగడం పెంచండి.

6. డబ్బు ఎక్కడిది?

కేంద్రం సోలార్‌కు ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే. పంచాయతీ భవనానికి రాదు. ఈ సంగతి తెలియక తీర్మానాలు చేసి కూర్చున్నవాళ్లున్నారు.

ఆర్థిక సంఘం గ్రాంట్లలో 15వ సంఘం కాలంలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టుబడిన నిధులు, 40 శాతం స్థానిక అవసరాలకు. మోటారు, పైపుల పనులు తాగునీటి వాటాలో, దీపాల పనులు రెండో వాటాలో చూపడం మామూలు పద్ధతి. మీకు ఇప్పుడు వర్తించే ఉత్తర్వు ఏమిటో ఎంపీడీఓ ఆఫీసులో చూసి అంచనా వేయించండి. పెట్టుబడి లేకపోతే రెస్కో పద్ధతి ఉంది: కంపెనీయే ప్లాంటు పెడుతుంది, మీరు యూనిట్‌కు ఇంతని కడతారు. ఒప్పందం 20, 25 ఏళ్లు ఉంటుంది కాబట్టి ఏటా ధర పెరుగుతుందా, భవనం కూల్చాల్సొస్తే ఏంటి, మధ్యలో వదిలేసి పోతే ఏంటి అన్న మూడు షరతులూ చదివాకే సంతకం పెట్టండి.

వేరే ఊళ్లను చూసి మోజుపడే ముందు వాళ్ల డబ్బు ఎలా వచ్చిందో చూడండి. జమ్మూలోని పల్లీ గ్రామంలో 500 కిలోవాట్ల ప్లాంటును 2022 ఏప్రిల్ 24న ప్రధాని ప్రారంభించారు, అది కేంద్రం అండతో జరిగింది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు, అక్కడ వందల ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున ప్రత్యేక శ్రద్ధతో పెట్టారు. మామూలు పంచాయతీ నేర్చుకోవాల్సింది కోయంబత్తూరు జిల్లా ఓడంతురై నుంచి. సర్పంచి షణ్ముగం హయాంలో వాళ్లు ముందు నీళ్లు తోడే ఖర్చు తగ్గించుకున్నారు. ఆ తర్వాత 2006లో బ్యాంకు అప్పు కూడా తీసుకుని 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు. ఊరికి వాడగా మిగిలిన కరెంటు అమ్మి అప్పు తీర్చారు.

7. ఇళ్లను కలుపుకోండి

పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేలు సబ్సిడీ. ఇంటి మీద ప్లాంటు పెట్టినందుకు స్థానిక సంస్థకు ఒక్కోదానికి 1,000 రూపాయల ప్రోత్సాహకం కూడా ఉంది, దాన్ని అడిగి తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం, బీసీలకు అదనపు సాయం ఉన్నాయి.

అందరి వెంటా పడకండి. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటిని అప్పుచేసి సోలార్ పెట్టుకోమనడం అన్యాయం. నెలకు 250, 300 యూనిట్లు దాటే ఇళ్లు, షాపులపైన ఉండే ఇళ్లు, ఏసీ ఉన్న ఇళ్లు ముందు చూడండి. పోర్టల్‌లో నమోదైన వెండర్‌కే పని ఇవ్వాలని, చేతికి నగదు ఇవ్వొద్దని గ్రామసభలో గట్టిగా చెప్పండి.

8. ఫలితం వచ్చిందో లేదో చూసుకోండి

రూపాయలు కాదు, యూనిట్లు పోల్చండి. రూపాయల్లో పాత బకాయి, సర్‌చార్జి, సర్దుబాటు చార్జీలు కలిసి ఉంటాయి. ఈ ఏడాది జూన్‌ను పోయిన ఏడాది జూన్‌తో పోల్చండి, మేతో కాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున అన్ని మీటర్ల ఫొటోలు తీసి రిజిస్టరులో రాయండి. సోలార్ ఉన్నచోట మూడు అంకెలు కావాలి: తయారైంది, గ్రిడ్ నుంచి వచ్చింది, గ్రిడ్‌కు వెళ్లింది. ఈ లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి.

అంతా చేసినా యూనిట్లు తగ్గలేదా? ఈ వరుసలో వెతకండి:

- బిల్లు ఇంకా సగటు మీదే వస్తోందా? మీ ఫొటోలోని రీడింగు, బిల్లులోని రీడింగు పక్కపక్కన పెట్టండి.
- రాత్రి దీపాలన్నీ ఆపించి మీటరు చూడండి. అయినా తిరుగుతుంటే ఆ లైన్ మీద ఎవరో కొండీ వేశారు.
- టైమర్‌ను ఎవరైనా బైపాస్ చేసి డైరెక్ట్ ఇచ్చారా? పండగలకు, పెళ్లిళ్లకు అలా ఇచ్చి మళ్లీ తీయరు.
- సోలార్ ఎండ బాగా ఉన్న నెలలో కిలోవాట్‌కు రోజుకు 3 యూనిట్ల కంటే తక్కువ ఇస్తుంటే, ముందు కడిగించండి. తర్వాత కొత్తగా పెరిగిన వేపకొమ్మ నీడ పడుతోందేమో చూడండి. రెండూ కాకపోతే వెండర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.
- యూనిట్లు తగ్గి బిల్లు తగ్గకపోతే కాంట్రాక్టు లోడు చూడండి. దీపాలు మార్చాక లోడు సగానికి సగం పడిపోయినా, మీరు దరఖాస్తు చేసేదాకా పాత లోడు మీదే ఫిక్స్‌డ్ చార్జీలు పడుతుంటాయి. లోడు తగ్గింపు దరఖాస్తు సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. అయితే సోలార్ పెట్టబోయే సర్వీసుకు మాత్రం ఈ పని ప్లాంటు సైజు ఖరారయ్యేదాకా ఆపండి, ఎందుకంటే ప్లాంటు అనుమతి కూడా ఆ లోడును బట్టే ఇస్తారు.